ఆదివారాలు అడిగి తెచ్చుకున్న టెన్త్

నా దగ్గర కాజాలు కుట్టడం నేర్చుకున్న అమ్మాయికి కుట్టు నేర్పే టీచరు ఉద్యోగం వచ్చింది. నాకు రాలేదు.

2023 ఎండాకాలం సంగతి. హైదరాబాద్ రామంతాపూర్‌లో మా ఇంటికి దగ్గర్లోనే ఒక శిక్షణ కేంద్రం ఉంది. ఆడవాళ్ళకు కుట్టుపని నేర్పడానికి మనిషి కావాలంటే ఇద్దరం కలిసే వెళ్ళాం. అక్కడి మేడమ్ నేను తీసుకెళ్ళిన జాకెట్టు తిరగేసి లోపలి కుట్లు కూడా చూసి, "చాలా నీట్‌గా ఉందమ్మా" అన్నారు. ఆ వెంటనే "టెన్త్ మెమో తెచ్చారా?" అన్నారు. ఉంటే కదా తేవడానికి. ఆ అమ్మాయి దగ్గర ఉంది. బయటికొచ్చాక ఆ పిల్ల నా మొహం చూడలేక "అక్కా, నేను రానని చెప్పేస్తా" అంది. "పిచ్చిదానా, చేరిపో" అన్నాను. ఇంటికొచ్చాక ఆ రోజు ఒక్క బట్టకు కూడా కత్తెర పెట్టలేదు.

మాది నల్గొండ వైపు పల్లె. ఊళ్ళో బడి ఏడో తరగతి దాకే ఉండేది. హైస్కూలుకు నాలుగు కిలోమీటర్లు పోవాలి. మా అన్న సైకిలు మీద పోయాడు. నాకు సైకిలు లేదు కాబట్టి నా చదువు ఆగిందని చాలా ఏళ్ళు నమ్మాను. అన్న హైస్కూలు అయిపోయాక కూడా ఆ సైకిలు మా ఇంట్లోనే ఉంది. దాని మీద పాల క్యాన్లు పోయేవి. 2005లో నాకు పెళ్ళయింది, అప్పటికి పదిహేడు. పట్నం వచ్చాక పక్కింటి అక్క దగ్గర కుట్టు నేర్చుకుని, ఇంటి ముందు గదిలోనే మిషన్ వేసుకున్నాను. మా ఆయన ఏసీ మెకానిక్. ఒక కూతురు, ఒక కొడుకు. అత్తమ్మ మాతోనే ఉంటుంది.

ఓపెన్ టెన్త్ అనేది ఒకటుందని చెప్పింది మా కూతురే. వాళ్ళ క్లాసు పిల్ల అమ్మ రాసిందట. పద్నాలుగేళ్ళు నిండితే చాలు, పైన ఎంత వయసున్నా రాయొచ్చు. మధ్యలో ఎనిమిది, తొమ్మిది చదివి ఉండాలన్న రూలు లేదు. తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ వాళ్ళు నడుపుతారు, ఇంటర్ కూడా ఉంది. ఇన్నాళ్ళూ ఈ ముక్క నా చెవిన ఎందుకు పడలేదో నాకర్థం కాదు. మా గల్లీలో ఎవరింట్లో ఏం కూర వండారో పది నిమిషాల్లో తెలుస్తుంది.

ముందు దొరికింది మాత్రం ఏజెంటు. ఒక జిరాక్స్ షాపులో కూర్చుని ఉన్నాడు. "పుస్తకం ముట్టక్కర్లేదు మేడమ్, గ్యారంటీ పాస్" అని పదిహేను వేలు అడిగాడు. ఆ డబ్బుతో నేను కొత్త మిషనే కొనుక్కోవచ్చు. పైగా పుస్తకం ముట్టకుండా వచ్చే మెమో నాకెందుకు? వద్దని వచ్చేశాను. నేరుగా ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఉన్న స్టడీ సెంటరుకు వెళ్తే ఫీజు అందులో పదో వంతు కూడా లేదు, ఆడవాళ్ళకు కొంత తగ్గింపు కూడా ఉంది. ఎవరైనా ఈ దారిలో వెళ్ళాలనుకుంటే ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి, జిరాక్స్ షాపుల దగ్గర ఆగకండి.

మా ఇంటికి దగ్గర్లో ఒక సెంటరు ఉంది. నేను కోఠి వైపు ఉన్నదాన్ని ఎంచుకున్నాను. దగ్గరి బడిలో టీచరమ్మ ఒకావిడ నా దగ్గరే జాకెట్లు కుట్టించుకుంటుంది. ఆవిడ ముందు బెంచీలో కూర్చోవడానికి సిగ్గేసింది. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అప్పుడు మాత్రం కోఠి దాకా బస్సులో పోవడమే నయమనిపించింది.

ఇక కాగితాలు. దరఖాస్తుకు టీసీ కావాలి. ఊరికి పోయాను. మా బడి రిజిస్టర్లు వేరే చోటికి మార్చారట, ఆ చోట అడిగితే మళ్ళీ బడికే పొమ్మన్నారు. మూడుసార్లు తిరిగితే చెదలు తిన్న రిజిస్టరులో నా పేరు దొరికింది. పుట్టినింటి ఇంటిపేరుతో, 1988లో పుట్టినట్టు. నా ఆధార్‌లో ఉన్నది అత్తగారి ఇంటిపేరు. పుట్టిన తేదీ ఏమో 1986 జనవరి ఒకటి. ఆధార్ తీసిన రోజు "ఎప్పుడు పుట్టినవ్?" అని అడిగితే మా ఆయనే నోటికొచ్చింది చెప్పాడు. జనవరి ఒకటి ఎందుకో మీకు తెలిసే ఉంటుంది. తేదీ తెలియని వాళ్ళందరి పుట్టినరోజూ అదే. మా గల్లీలో ఆడవాళ్ళం చాలామందిమి కొత్త సంవత్సరం రోజే పుట్టాం.

ఆధార్ సెంటరుకు పోయి తేదీ మార్చమన్నాను. "పుట్టిన సర్టిఫికెట్ ఉందా? పోనీ టెన్త్ మెమో?" అన్నాడు కుర్రాడు.

"ఆ టెన్త్ కోసమే బాబూ ఈ మార్పు."

వాడికీ నవ్వొచ్చింది, నాకూ వచ్చింది. స్టడీ సెంటరు సారు మాత్రం తేలిగ్గా తేల్చేశారు. "టీసీలో ఎట్లుందో అట్లనే రాయండమ్మా. మెమో వచ్చాక అది చూపించి ఆధార్ సరిచేయించుకోవచ్చు." ఫారంలో పద్దెనిమిదేళ్ళ తర్వాత నా పాత ఇంటిపేరు రాశాను. అలవాటు తప్పి మొదటి అక్షరమే తప్పు రాశాను. ఇంకో ఫారం అడిగి తెచ్చుకోవాల్సి వచ్చింది.

తర్వాత సబ్జెక్టులు. మొత్తం అయిదు తీసుకోవాలి. లెక్కలు తప్పనిసరి కాదు, ఇష్టమైతేనే. సెంటరులో నాకన్నా ముందున్న అక్కలందరూ ఒకటే మాట. "లెక్కలొద్దు, హోం సైన్స్ తీసుకో. మనకు తెలిసిందే గదా, ఈజీ." మంచికే చెప్పారు. కానీ వంట, ఇల్లు, పిల్లల పెంపకం మీద పద్దెనిమిదేళ్ళుగా రోజూ పరీక్ష రాస్తూనే ఉన్నాను, దానికి ఎవరూ మార్కులు వేయలేదు. మళ్ళీ అదే ఎందుకని లెక్కలు పెట్టాను. సారు రెండుసార్లు అడిగారు, "ఆలోచించుకున్నారా?" అని. ఆలోచించుకోలేదు. రోషంతో పెట్టాను. తెలుగు, ఇంగ్లీషు, లెక్కలు, సోషల్, అర్థశాస్త్రం.

ఇంతవరకూ జరిగింది చిన్న కష్టం. అసలు కష్టం ఆదివారం.

క్లాసులు ఆదివారాలు, సెలవు రోజుల్లో. బడి ఖాళీగా ఉండేది అప్పుడే కదా. మా ఇంట్లో ఆదివారం అంటే మటన్. పొద్దున ఎనిమిదింటికి మా ఆయన కేజీ తెచ్చి సింకులో పెడతాడు. అక్కణ్ణుంచి అది నా పని. అల్లం వెల్లుల్లి నూరాలి, అత్తమ్మకు ముక్క మెత్తగా ఉడకాలి, కొడుక్కి కారం తక్కువ కావాలి, మరిది కుటుంబం వస్తే అరకేజీ ఎక్కువ. తిన్నాక గిన్నెలు. మూడింటికి నాకు ఖాళీ. క్లాసు పదింటికి.

"ఆదివారం ఎట్ల పోతవ్?" అన్నాడు మా ఆయన. చదువు వద్దని అనలేదు, ఆ మాట ఒప్పుకోవాలి. మా ఆయన ఒక్కరోజు కూడా చదవొద్దని అనలేదు. "చదువుకో, ఎవరొద్దన్నరు? రాత్రి చదువుకో. ఆదివారం ఒక్కటే కదా అందరం ఇంట్ల ఉండేది."

అత్తమ్మ అయితే సూటిగానే అంది. "ముప్పై అయిదేళ్ళకు పదో తరగతి చదివి కలెక్టర్ అయితవా? బిడ్డ పెళ్ళికి వస్తున్నది." బిడ్డకు అప్పటికి పదిహేను. ఆ మాటకు నేనేదో అనబోయి ఊరుకున్నాను. కూతురు ఊరుకోలేదు. "నానమ్మా, నాకు పదిహేనే" అని అరిచి లోపలికి పోయింది.

నాలుగు ఆదివారాలు తెల్లవారుజామున నాలుగింటికి లేచి వండేసి వెళ్ళాను. అయిదో ఆదివారం క్లాసులో నిద్రపోయాను. సోషల్ మేడమ్ చాక్‌పీసు విసరలేదు కానీ, పక్కన కూర్చున్న అక్క మోచేత్తో పొడిచింది. ఆ రోజు బస్సులో తిరిగొస్తూ లెక్క వేశాను. చదువు కోసం నేను నా నిద్ర తగ్గించుకున్నాను. ఇంట్లో ఇంకెవరి పనీ ఒక్క నిమిషం కూడా పెరగలేదు. మర్నాడు రాత్రి అన్నం పెడుతూ చెప్పాను, "వచ్చే ఆదివారం నుంచి మటన్ శనివారం రాత్రి వండుతా. లేదా ఆదివారం మీరే వండుకోండి. రెండిట్ల ఏదో ఒకటి చెప్పండి." ఎవరూ ఏమీ అనలేదు. శనివారం ఎవరూ మటన్ తేలేదు. ఆదివారం నేను వెళ్ళి వచ్చేసరికి బయటి నుంచి బిర్యానీ తెప్పించుకుని తిన్నారు. నాకు ఒక డబ్బా ఉంచారు. చల్లారిపోయింది. అంత రుచిగా బిర్యానీ నేనెప్పుడూ తినలేదు.

క్లాసులో మేం పదిహేను మందిమి దాకా పేరుకు ఉన్నాం, వచ్చేది తొమ్మిది పది మంది. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళు ఇద్దరు, ఒక ఆయా, కూరగాయల బండి పెట్టే ఒకావిడ, మధ్యలో బడి మానేసిన కుర్రాళ్ళు నలుగురు. కుర్రాళ్ళు మమ్మల్ని "ఆంటీ" అనేవాళ్ళు, హోంవర్కు మాత్రం మా దగ్గరే చూసి రాసుకునేవాళ్ళు.

లెక్కల్లో పైథాగరస్ సిద్ధాంతం వచ్చిన రోజు నేను జన్మలో మర్చిపోను. బోర్డు మీద సారు లంబకోణ త్రిభుజం గీసి, ఇటు భుజం వర్గం, అటు భుజం వర్గం కలిపితే కర్ణం వర్గం అంటున్నారు. అందరం బిక్కమొహాలు వేసుకుని చూస్తున్నాం. నాకేమో అది ఎక్కడో చూసినట్టే ఉంది. జాకెట్టు మెడకు పైపింగ్ వేయాలంటే పట్టీని క్రాస్‌గా కత్తిరించాలి, నిలువుగా కత్తిరిస్తే మెడ దగ్గర ముడతలు పడుతుంది. పన్నెండు అంగుళాల చదరపు ముక్కలో మూల నుంచి మూలకు కోస్తే పదిహేడు అంగుళాల పట్టీ వస్తుంది. ఎందుకొస్తుందో నాకు తెలియదు, వస్తుందని తెలుసు. సంచిలో టేపు ఎప్పుడూ ఉంటుంది. నోటుపుస్తకంలోంచి కాగితం చించి నేల మీద పరిచి, ఇంకో కాగితం అతికించి, పన్నెండుకు పన్నెండు కొలిచి గీశాను. మూల నుంచి మూలకు టేపు పట్టాను. పదిహేడు. సారు బోర్డు మీద వేశారు. పన్నెండు పన్నెండ్లు నూట నలభై నాలుగు, ఇంకో నూట నలభై నాలుగు, మొత్తం 288. పదిహేడు పదిహేడ్లు 289. "పదిహేడుకి ఒక దారం మందం తక్కువ" అన్నాను. సారు సుద్దముక్క పక్కన పెట్టి, "మళ్ళీ చెప్పండమ్మా, అందరికీ" అన్నారు.

నిలబడి చెప్పాను. కాళ్ళు వణికాయి. కుట్టు నేర్పేటప్పుడు ఎంతమందికి చెప్పలేదు? కానీ బ్లాక్‌బోర్డు పక్కన నిలబడి ఎప్పుడూ చెప్పలేదు.

సోషల్ క్లాసులో ఇంకొక రోజు. పెళ్ళి వయసు గురించి పాఠం. 1929లో శారదా చట్టం ఆడపిల్లకు పద్నాలుగేళ్ళు అని పెట్టింది, 1978లో దాన్ని పద్దెనిమిది చేశారు, 2006లో ఇంకా గట్టి చట్టం వచ్చింది. మేడమ్ చదువుతూ చదువుతూ ఆగి, "మీలో పద్దెనిమిది నిండాక పెళ్ళయినవాళ్ళు చేతులెత్తండి" అన్నారు. ఆడవాళ్ళం ఏడుగురం ఉన్నాం. రెండు చేతులు లేచాయి. నా పెళ్ళి చట్టానికి విరుద్ధమని నేను తెలుసుకున్నది నా పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళకు, పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నగా. ఇంటికొచ్చి మా అమ్మకు ఫోన్ చేసి అడిగాను, అప్పుడు ఎవరూ ఏమనలేదా అని. "ఎవరంటరు బిడ్డా, ఊరంత అట్లనే చేసిన్రు" అంది. ఇప్పుడు సర్కారు ఆడపిల్ల పెళ్ళికిచ్చే కల్యాణలక్ష్మి డబ్బు రావాలన్నా పిల్లకు పద్దెనిమిది నిండాలి కాబట్టి మా ఊళ్ళో కొంచెం ఆగుతున్నారట. కారణం ఏదైతేనేం, ఆగుతున్నారు.

అదే మేడమ్ దుర్గాబాయి దేశ్‌ముఖ్ గురించి కూడా చెప్పారు. నాకు ఆ పేరు ఆస్పత్రిగానే తెలుసు. విద్యానగర్‌లో ఆవిడ పేరున్న ఆస్పత్రిలోనే మా కూతురు పుట్టింది. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేస్తే పెద్దయ్యాక ఆ పెళ్ళి వద్దనుకుని, బనారస్ మెట్రిక్ ప్రైవేటుగా రాసి, ఆ తర్వాత లా దాకా చదివిన మనిషి అని అప్పుడే తెలిసింది. మద్రాసులో ఆంధ్ర మహిళా సభ పెట్టి తనలాంటి ఆడవాళ్ళను అదే మెట్రిక్ పరీక్షకు తయారు చేసిందట. అంటే ఆ రోజుల ఓపెన్ టెన్త్ అన్నమాట. కాన్పుకు వెళ్ళినప్పుడు ఆ బోర్డు కింద మూడు గంటలు కూర్చున్నాను, ఎవరీవిడ అని ఒక్కసారి కూడా అనుకోలేదు.

మేడమ్ చెప్పిన ఇంకో లెక్క నా మనసులో ఇరుక్కుంది. 2011 జనాభా లెక్కల్లో తెలంగాణలో చదవడం, రాయడం వచ్చిన మగవాళ్ళు 75 శాతం, ఆడవాళ్ళు 58 శాతం. ఏడు పాసయ్యాను కాబట్టి నేను ఆ 58లో ఉన్నాను. అంటే లెక్క ప్రకారం నేను చదువు వచ్చినదాన్నే, నాకు లోటేమీ లేదు. బ్యాంకులో ఫారం నింపమంటే కూతురి కోసం చూసేదాన్ని, అది ఏ లెక్కలోకీ రాదు.

డిసెంబరులో ఆడవాళ్ళకు బస్సు ఉచితం చేశారు. అప్పటిదాకా రానూ పోనూ చార్జీలకు అత్తమ్మ "ఎన్ని పైసలైతున్నయి?" అని అడిగేది. ఇక అడగడానికి ఏమీ లేకుండా పోయింది. ఆధార్ చూపిస్తే కండక్టర్ జీరో టికెట్ ఇస్తాడు. ఆ టికెట్లు కొన్ని ఇప్పటికీ ఇంగ్లీషు పుస్తకంలో పేజీ గుర్తులుగా ఉన్నాయి. బస్సులో నిలబడే చోటు కూడా లేనంత రద్దీగా ఉండేది, అది వేరే సంగతి.

కోఠిలో దిగితే ఎదురుగా ఉమెన్స్ కాలేజీ. 1924లో మొదలైన కాలేజీ, ఇప్పుడున్నది పాత బ్రిటిష్ రెసిడెన్సీలో. నేను పట్నం వచ్చినప్పటి నుంచి ఆ గోడ పక్కన బస్సులు మారుతూనే ఉన్నాను. లోపల ఏముందో తొంగి చూడాలనిపించింది మాత్రం ఆ ఏడాదే.

2024 ఎండల్లో పరీక్షలు. ఎన్నికల ప్రచారం మైకులు ఒకపక్క. అన్నిటికన్నా చెయ్యి బాధపెట్టింది. రోజంతా కత్తెర పట్టే చెయ్యే, పెన్ను పట్టి మూడు గంటలు రాయమంటే బొటనవేలు కొయ్యబారింది. తెలుగు పరీక్షలో చివరి వ్యాసం సగంలో వేళ్ళు ముడుచుకుపోయాయి. పక్క బెంచీలో కూరగాయల బండి అక్క కూడా చేతులు విదిలించుకుంటోంది. ఇద్దరం ఒకరినొకరు చూసి నవ్వుకున్నాం, ఇన్విజిలేటర్ "మాట్లాడొద్దు" అన్నాడు. మాట్లాడనేలేదు.

ఫలితాలు కూతురు ఫోన్లో చూసింది. తెలుగు 68, లెక్కలు 51, సోషల్ 60, అర్థశాస్త్రం 47. ఇంగ్లీషు 31. పాస్ కావాలంటే 35. రెండు రోజులు మిషన్ మీద కూర్చోలేదు. అత్తమ్మ ఏమీ అనకపోవడం ఇంకా బాధనిపించింది. మా ఆయన "నాలుగు మార్కులే గదా" అన్నాడు. నాలుగు మార్కులే. ఓపెన్ స్కూల్లో ఒక సుఖం ఏమిటంటే పాసైన సబ్జెక్టులు పాసైనట్టే ఉంటాయి, మిగిలింది ఒక్కటే రాసుకోవచ్చు.

ఈసారి కూతురు రాత్రి తొమ్మిదిన్నర నుంచి పదిన్నర దాకా కూర్చోబెట్టేది. కసురుతుంది కూడా. "అమ్మా, ఎన్నిసార్లు చెప్పాలి, 'నో' ముందు 'కే' పలకదు." పలకని అక్షరాన్ని ఎందుకు రాయాలో నాకిప్పటికీ అర్థం కాదు. తెలుగులో ఏ అక్షరమూ ఇలా ఊరికే కూర్చోదు. సెప్టెంబరులో నేనింకా ఇంగ్లీషుతో కుస్తీ పడుతున్నప్పుడే, యూనివర్సిటీగా మారిన ఉమెన్స్ కాలేజీకి చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు ప్రకటించారు. పాలకుర్తిలో తన పొలం కోసం దొరకు ఎదురు నిలబడ్డ ఐలమ్మ. టీవీలో ఆ వార్త వస్తే అత్తమ్మ వంటింట్లోంచి వచ్చి నిలబడి చూసింది. "ఐలమ్మ పేరు పెట్టిన్రా?" అంది. కాసేపాగి, "అది నువ్వు బస్సు దిగే కాడనే గదా?" అంది. నేను ఎక్కడ బస్సు దిగుతానో ఆవిడకు తెలుసని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇంగ్లీషు 42 వచ్చింది.

మెమో మీద నా పుట్టింటి ఇంటిపేరు ఉంది. దాన్ని తీసుకుని అదే ఆధార్ సెంటరుకు వెళ్ళి పుట్టిన తేదీ మార్పించాను. రెండేళ్ళు చిన్నదాన్నయ్యాను. ఇంటిపేరు కూడా మారుద్దామా అని కుర్రాడు అడిగితే ఆలోచించి చెప్తానని వచ్చాను. బ్యాంకు, రేషన్ కార్డు, గ్యాస్ అన్నీ అత్తగారి ఇంటిపేరు మీదే ఉన్నాయి, ఒకటి కదిపితే అన్నీ కదపాలి. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

శిక్షణ కేంద్రానికి మళ్ళీ వెళ్ళాను. ఆ ఉద్యోగం నా శిష్యురాలే చేస్తోంది, బాగా చేస్తోంది. ఖాళీ వస్తే చెప్తామన్నారు. ఇంటర్‌కు కట్టాను, ఈసారి దగ్గరి సెంటరులోనే. మొదటి రోజు ఆ టీచరమ్మ నన్ను చూసి, "అరే, నా జాకెట్టు అయిందా?" అంది. కాలేదని చెప్పాను, ఆదివారాలు కుట్టడం లేదని.

మా ఆయన ఈమధ్య మటన్ తనే వండుతున్నాడు. ఉప్పు ఎక్కువేస్తాడు. అత్తమ్మకు ముక్క ఉడకదు. "నువ్వుంటే బాగుండేది" అంటుంది అత్తమ్మ, మూడింటికి నేను చెప్పులు విప్పుతుంటే. గిన్నెలు మాత్రం ఇంకా నా కోసమే సింకులో ఉంటున్నాయి. వచ్చే వారం ఆ సంగతి మాట్లాడాలి.